నేల ఉసిరి, హెపటైటిస్-బి: ఆ వార్తలో చెప్పకుండా వదిలేసిన సంగతులు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. ఈ మధ్య మీ పత్రిక జిల్లా పేజీలో ఒక కళాశాల ప్రయోగశాల గురించి వార్త వచ్చింది. నేల ఉసిరి, గుంటగలగర, తిప్పతీగ సారాలను పరీక్షిస్తే హెపటైటిస్-బి వైరస్ ‘నశించింది’ అనీ, కామెర్లకు చవకైన మందు త్వరలోనే రాబోతోందనీ అందులో రాశారు. విద్యార్థులు పడిన శ్రమను నేను తక్కువ చేయను. మన పొలం గట్ల మీద దొరికే మొక్కను శ్రద్ధగా పరిశీలించాలన్న కోరిక వారికి కలగడం నాకు సంతోషమే. అయితే ఆ వార్త వచ్చిన వారంలోపే మా వీధిలోని ఇద్దరు వేర్వేరుగా మా ఇంటికి వచ్చి, “మాస్టారూ, ఆస్పత్రిలో ఇస్తున్న మాత్రలు మానేసి ఇక పసరు తాగొచ్చా?” అని అడిగారు. ఆ ఇద్దరూ హెపటైటిస్-బి ఉన్నవారే. ముప్పై ఏళ్లకు పైగా మైక్రోబయాలజీ పాఠాలు చెప్పిన నేను వారికి మాత్రలు మానవద్దని చెప్పి పంపగలిగాను గాని, ఆ ఇద్దరిలాగే మీ పాఠకుల్లో ఇంకెందరు అదే ప్రశ్న వేసుకొని ఉంటారో అన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను. కాస్త పొడవైనా దయచేసి ప్రచురించగలరు.

మొదట కామెర్ల సంగతి. మన ఊళ్లలో కామెర్లను ఒకే జబ్బుగా చూస్తాం. కళ్లు పచ్చబడితే కామెర్లు, కామెర్లు వస్తే పసరు, పసరు తాగితే నూనె, కారం లేని పత్యం. కామెర్లు నిజానికి ఒక లక్షణం. రక్తంలో బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం పెరిగినప్పుడు కళ్లూ చర్మమూ పచ్చబడతాయి. దానికి కారణం పిత్తాశయంలోని రాయి కావచ్చు, మద్యం కావచ్చు, వేరే జబ్బుకు వాడుతున్న మందు కావచ్చు, వైరస్ కావచ్చు. వైరస్‌లలోనూ కనీసం ఐదు రకాలున్నాయి. వాటిలో ఎ, ఇ రకాలు కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తాయి. సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. బి, సి రకాలు రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. ఏళ్ల తరబడి కాలేయంలో ఉండిపోయి చివరికి కాలేయం గట్టిపడిపోయే సిరోసిస్‌కో, కాన్సర్‌కో దారితీయగలవు. పరీక్ష జరిగింది వీటిలో ఒక్క వైరస్ మీదేనని స్పష్టం చేయకుండా ‘కామెర్లకు మందు’ అని రాస్తే, ఆ మాటను ప్రతి పాఠకుడూ తన జబ్బుకు అన్వయించుకుంటాడు.

ఈ తేడా పసరు మందు మీద ఉన్న నమ్మకాన్ని కూడా వివరిస్తుంది. 1955 చివర ఢిల్లీలో మురుగునీరు తాగునీటిలో కలిసి, సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అప్పటికి హెపటైటిస్-ఇ అనే పేరే లేదు. దాచి ఉంచిన నమూనాలను దశాబ్దాల తరువాత పరీక్షించినప్పుడు అది ఆ వైరస్ వల్ల వచ్చిందని తేలింది. బాధితుల్లో అత్యధికులు కోలుకున్నారు. ఈ వైరస్‌కు ఎక్కువగా బలయ్యేది నెలలు నిండుతున్న గర్భిణులు. అలాంటి రోజుల్లో వంద మందికి పసరు పోసిన వైద్యుడు తొంభై మందికి పైగా బాగుపడటం కళ్లారా చూస్తాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన చూసింది నిజం, చూసి చేసిన నిర్ణయమే పొరపాటు. పసరు తాగని వంద మంది ఏమయ్యారో ఆయనకు చూసే అవకాశం లేదు. హెపటైటిస్-బి విషయంలో కూడా, పెద్దయ్యాక కొత్తగా సోకినవారిలో నూటికి 95 మంది వరకు ఏ మందూ లేకుండానే వైరస్‌ను వదిలించుకుంటారు. పుట్టుకతో సోకిన పసిబిడ్డల్లో మాత్రం నూటికి 90 మందిలో అది జీవితాంతం నిలిచిపోతుంది. కాబట్టి ఒక మందు పనిచేసిందా లేదా అన్న ప్రశ్నకు ముందు, ఆ మందు లేకపోతే ఏమయ్యేది అన్న ప్రశ్న రావాలి.

నేల ఉసిరి ఈ ప్రశ్నను ఎదుర్కొన్న మొక్క. ఆ చరిత్ర మన దేశానిదే, మన పొరుగున ఉన్న మద్రాసుదే. అయినా తెలుగులో దీన్ని పూర్తిగా చెప్పినవారు తక్కువ కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1982లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్ బృందం గుంటగలగర, నేల ఉసిరి సారాలు పరీక్షనాళికలో హెపటైటిస్-బి ఉపరితల యాంటిజెన్‌ను నిర్వీర్యం చేస్తున్నాయని ప్రచురించింది. వైరస్ పైపొరలో ఉండి, రక్తపరీక్షలో దాని ఉనికిని పట్టించే ప్రొటీనే ఈ యాంటిజెన్. దాన్ని కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఈ పనిమీద ఆసక్తి చూపారు. మనం ఏటా జులై 28న జరుపుకునే ప్రపంచ హెపటైటిస్ దినం ఆయన పుట్టినరోజే. వెంకటేశ్వరన్, మిల్‌మన్, బ్లంబర్గ్ కలిసి 1987లో వెలువరించిన పత్రం ప్రకారం నేల ఉసిరి సారం, వైరస్ తన ప్రతులు తయారుచేసుకోవడానికి వాడే డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్‌ను ఆపింది. హెపటైటిస్-బికి దగ్గరి బంధువైన వైరస్ సోకిన వుడ్‌చక్‌లనే ఉడుత జాతి జంతువుల్లోనూ ప్రభావం కనిపించింది. మరుసటి ఏడాది, అంటే 1988లో, త్యాగరాజన్, బ్లంబర్గ్ తదితరులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో మనుషుల మీద చేసిన పరీక్ష ఫలితాలను ప్రకటించారు. ఎండబెట్టిన మొక్క పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, ముప్పై రోజుల పాటు హెపటైటిస్-బి వాహకులకు, అంటే ఆ వైరస్‌ను ఒంట్లో దీర్ఘకాలంగా మోస్తున్నవారికి, ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో ఉపరితల యాంటిజెన్ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు, అంటే ప్లాసిబో, తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

ఆ అంకెల బరువు ఎంతో చెప్పాలి. దీర్ఘకాలంగా హెపటైటిస్-బి ఉన్నవారిలో ఆ యాంటిజెన్ తనంతట తాను పోవడం ఏడాదికి నూటికి ఒకరిలో, అంతకన్నా తక్కువమందిలో జరిగే సంగతి. నేటి మంచి మందులను ఏళ్ల తరబడి వాడినా అది పూర్తిగా పోయేవారు చాలా కొద్దిమంది. అలాంటిది నెల రోజుల్లో నూటికి 59 మందిలో పోయిందంటే, ప్రపంచమంతా లేచి కూర్చోవలసిన మాట. నిజంగానే కూర్చుంది.

అప్పుడు నేను పరిశోధక విద్యార్థిని. ఆ పత్రం జిరాక్సు ప్రతి మా విభాగానికి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మమ్మ వానాకాలంలో పెరట్లోంచి పీకి, మజ్జిగలో నూరి ఇచ్చిన మొక్క పేరు లాన్సెట్‌లో అచ్చయింది. తొలకరి పడగానే మేము ముగ్గురం గోనె సంచులు పట్టుకొని చెరువు గట్టుకు వెళ్లి నేల ఉసిరి తెచ్చాం. నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, నీటితో ఒక సారం, మిథనాల్‌తో ఒక సారం తీశాం. రక్తనిధి పారేయబోయిన, యాంటిజెన్ ఉన్న సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో, ఆ సారం కలిపి, రాత్రంతా ఉంచి, మర్నాడు, యాంటిజెన్ ఉంటే రంగు తేలే ఎలైజా పరీక్ష చేశాం. పసుపు రంగు తేలవలసిన పరీక్ష ప్లేటు గుంటలు తెల్లగా ఉండిపోయాయి. యాంటిజెన్ లేదు! ఆ సాయంత్రం మేము ముగ్గురం క్యాంటీన్‌లో కూర్చొని పేపరు ఎవరి పేరుతో మొదలుపెట్టాలో మాట్లాడుకున్నాం.

మా గురువుగారు ఫలితం చూసి మెచ్చుకొని, ఒక్క పని అడిగారు. అదే సీరంలో టీ డికాషన్ కలిపి చూడమన్నారు, కరక్కాయ నీళ్లు కలిపి చూడమన్నారు. చూశాం. ఆ గుంటలు కూడా తెల్లగానే ఉన్నాయి. టీలోనూ కరక్కాయలోనూ నేల ఉసిరిలోనూ టానిన్లనే వగరు పదార్థాలు పుష్కలం. తోలు పదును చేసే పనికి వాటిని వాడేది ప్రొటీన్లను పట్టి బిగించే గుణం వల్లనే. మా గుంటల్లో జరిగింది అదే. టానిన్లు యాంటిజెన్ అనే ప్రొటీన్‌ను పట్టుకొని అవక్షేపం చేశాయి, అంటే అడుగున మడ్డిగా దింపేశాయి. యాంటిజెన్‌ను గుర్తించేందుకు పరీక్షలో వాడే యాంటీబాడీని కూడా పట్టుకొని ఉండవచ్చు. వైరస్ ఏమీ నశించలేదు. పాలిమరేజ్ ఎంజైమ్‌ను ఆపినట్టు కనిపించే సారాల విషయంలోనూ ఈ చిక్కే ఉంది. ఎంజైమ్ కూడా ప్రొటీనే కదా. నేల ఉసిరిలోని జెరానిన్, కోరిలాజిన్ వంటివి ఆ టానిన్ కుటుంబానికి చెందినవే. మీ వార్తలోని ప్రయోగం ఏ పద్ధతిలో జరిగిందో అందులో రాయలేదు గాని, ‘వైరస్ నశించింది’ అన్న మాట చదవగానే నాకు ఆ తెల్లటి గుంటలే గుర్తొచ్చాయి.

ఇక లాన్సెట్ పరీక్ష తరువాత ఏం జరిగిందో చెబుతాను. ఆ పత్రం తనను తాను ప్రాథమిక అధ్యయనమనే చెప్పుకుంది, అది దాని నిజాయితీ. ఇతరులు అదే పరీక్షను మళ్లీ చేశారు. 1990లో థాయ్‌లాండ్ వైద్యులు లక్షణాలు లేని వాహకులకు ఇచ్చి చూస్తే యాంటిజెన్ పోలేదని అదే లాన్సెట్‌లో రాశారు. 1991లో నెదర్లాండ్స్ నుంచి, 1994లో బొంబాయి నుంచి, అదే ఏడు న్యూజీలాండ్ నుంచి వచ్చిన నివేదికలు కూడా మద్రాసు ఫలితాన్ని బలపరచలేకపోయాయి. చైనాలో నేల ఉసిరి జాతి మొక్కలతో చాలా పరీక్షలు జరిగాయి. 2011లో, వైద్య పరీక్షలను సమీక్షించే కొక్రేన్ సంస్థ తరఫున ఆ పరీక్షలన్నింటినీ ఏరి చూసినవారికి 16 పరీక్షలు, 1,326 మంది రోగులు లెక్కకు వచ్చారు. వాటిలో ప్లాసిబోతో పోల్చి చూసింది ఒక్కటే. చాలావాటిలో పద్ధతి బలహీనంగా ఉంది. దీర్ఘకాలిక హెపటైటిస్-బికి ఈ మొక్కలు పనిచేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదని వారు తేల్చారు.

ఇలా ఎందుకు జరిగి ఉంటుందన్నది నాకు చాలాకాలం మనసులో మెదిలిన ప్రశ్న. ఒక కారణం మొక్క గుర్తింపులోనే ఉండవచ్చు. మనం నేల ఉసిరి అనేది ఒకే మొక్క కాదు. 1987 పత్రంలో ఫిల్లాంతస్ నిరూరి అని రాసినదాన్ని 1988 నాటికి ఫిల్లాంతస్ అమరస్ అన్నారు. మన దేశపు పుస్తకాల్లో ‘నిరూరి’ పేరుతో నమోదైన మొక్కల్లో అమరస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అనే మూడు వేర్వేరు జాతులు కలిసిపోయి ఉన్నాయని 1980లలోనే వృక్షశాస్త్రజ్ఞులు విడదీసి చూపించారు. వీటితో పాటు ఎర్ర కాడతో ఉండే యూరినేరియా, నల్ల ఉసిరిగా పిలిచే మదరాస్‌పటెన్సిస్ కూడా మన చేలలోనే పెరుగుతాయి. చూడటానికి అన్నీ తోబుట్టువుల్లా ఉంటాయి. ఆకు అడుగున వరుసగా చిన్న కాయలు, సాయంత్రం కాగానే ముడుచుకునే ఆకులు. దక్షిణ భారతంలోని 25 మూలికల దుకాణాల నుంచి కొన్న సరుకును కొన్నేళ్ల కిందట డీఎన్ఏ పద్ధతులతో పరీక్షిస్తే, దాదాపు నాలుగింట మూడొంతుల సరుకులో ప్రధానంగా అమరస్, మిగతా దానిలో ఇతర ఫిల్లాంతస్ జాతులు బయటపడ్డాయి. కాబట్టి ఎవరైనా ‘నేల ఉసిరి పనిచేసింది’ అని గాని, ‘పనిచేయలేదు’ అని గాని అంటే, ఏ నేల ఉసిరి, ఏ నేలలో పెరిగినది, ఏ నెలలో కోసినది, దాని ఎండు నమూనా ఏ హెర్బేరియంలో భద్రపరిచారు అని అడగాలి. మీ వార్తలో మొక్క శాస్త్రీయ నామం కూడా లేదు.

సారం తీయడానికి వాడే ద్రావకం గురించి కూడా ఒక మాట. కళాశాలల్లో ఎక్కువగా మిథనాల్‌తోనో, హెక్సేన్‌తోనో సారం తీస్తారు. నీటిలో కరిగేవి వేరు, మిథనాల్‌లో కరిగేవి వేరు, హెక్సేన్‌లో కరిగేవి వేరు. మిథనాల్ సారంతో వచ్చిన ఫలితాన్ని చూసి ఇంట్లో ఆకు నూరి పసరు తాగేవారికి ఆ ఫలితం వర్తిస్తుందన్న హామీ లేదు. ఆ రెండూ రసాయనికంగా వేర్వేరు పదార్థాలు.

ఇక ఆ వైరస్ స్వభావం. హెపటైటిస్-బి వైరస్ కాలేయ కణంలో చేరాక తన డీఎన్ఏను కణకేంద్రకంలో ఒక చిన్న వలయంగా ముడివేసి దాచుకుంటుంది. దాన్ని శాస్త్రజ్ఞులు సీసీసీ డీఎన్ఏ అంటారు. వైరస్ కొత్త ప్రతులన్నిటికీ మూసగా ఉండేది అదే. నేడు వాడే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వైరస్ ప్రతులు తయారు కాకుండా గట్టిగా ఆపుతాయి. కాలేయం చెడిపోవడాన్ని, కాన్సర్ ముప్పును తగ్గిస్తాయి. అయితే ఆ మూసను మాత్రం అవి తొలగించలేవు. అందుకే చాలామంది ఏళ్ల తరబడి మాత్రలు వేసుకోవాలి. ఇక్కడ పరిశోధనకు నిజమైన చోటుంది. ఆ మూసను కదిలించగల పదార్థం ఏ మొక్కలోనైనా దొరికితే అది ఎంతో విలువైనది, దాని కోసం వెతకడం సరైన పనే. హెపటైటిస్-సి విషయం వేరు. పన్నెండు వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతున్న ఆ జబ్బుకు ఇప్పుడు ఆకు మందు ప్రచారం చేస్తే, నయం కాగల మనిషి నయం కాకుండా మిగిలిపోవడమే జరుగుతుంది. నా మాట కటువుగా ఉంటే మన్నించండి, ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను.

సరైన పరీక్ష ఎలా ఉంటుందో పాఠకులకు తెలియాలి. హెప్‌జీ2.2.15 అనే మానవ కాలేయ కణజాతి ఉంది. దానిలో హెపటైటిస్-బి జన్యుపదార్థం ఇమిడి ఉంటుంది కాబట్టి ఆ కణాలు తమ చుట్టూ ఉన్న పోషక ద్రవంలోకి యాంటిజెన్‌ను, వైరస్ రేణువులను విడుదల చేస్తూనే ఉంటాయి. సారం వేసినప్పుడు అవి తగ్గాయా అన్నది మొదటి ప్రశ్న. తగ్గితే వెంటనే రెండో ప్రశ్న, కణాలు బతికే ఉన్నాయా? కణాలను చంపే ఏ విషం వేసినా యాంటిజెన్ తగ్గుతుంది. అందుకే సగం కణాలను చంపే మోతాదు ఎంత, వైరస్‌ను సగానికి తగ్గించే మోతాదు ఎంత అని రెండూ కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి చూస్తారు. ఆ భాగఫలం పెద్దదిగా ఉంటేనే ముందుకు వెళ్లడంలో అర్థముంది. ఆ కణాల్లో వైరస్ బయటి నుంచి ప్రవేశించడాన్ని చూడలేం. 2012లో ఎన్‌టీసీపీ అనే ద్వారపు ప్రొటీన్‌ను కనుగొన్నాక అది ఉన్న కణాలతో ఆ దశను కూడా పరీక్షించే వీలు కలిగింది. టానిన్లను వేరు చేసిన సారంతో మళ్లీ చేయాలి. ఇప్పటికే తెలిసిన మందును పక్కన పెట్టి పోల్చాలి. ప్రయోగశాల పళ్లెంలో పనిచేసిన గాఢత మనిషి రక్తంలో సాధ్యమా అని చూడాలి, ఎందుకంటే మనం మింగిన మొక్క పదార్థాల్లో చాలా భాగం పేగుల్లోనూ కాలేయంలోనూ మారిపోతుంది. కంప్యూటర్‌లో వైరస్ ప్రొటీన్‌కు, మొక్క రసాయనానికి జత కుదిరిందని చూపే డాకింగ్ లెక్కలు ఈ పనులేవీ చేయవు. అవి ఎక్కడ వెతకాలో సూచిస్తాయి, అంతే. ఇన్ని మెట్లు దాటాక గాని జంతువుల మీద పరీక్ష, ఆ తరువాత మనుషుల మీద ప్లాసిబోతో పోల్చిన పరీక్ష రావు. మీ వార్తలోని పని ఈ మెట్లలో మొదటిదాని మీద ఉందనుకుంటాను. మొదటి మెట్టు ఎక్కడం చిన్న విషయం కాదు, దాన్ని చివరి మెట్టుగా రాయడమే బాధాకరం.

మూలిక కదా, పనిచేయకపోయినా నష్టం లేదనే మాట చాలామంది అంటారు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ప్రచురించారు. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసమని వారు దాన్ని తీసుకున్నారు. ఆ నివేదికపై ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది, మొక్క గుర్తింపు సరిగా జరగలేదని వాదించింది. ఆ వాదనలో ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టినా, కాలేయ జబ్బు ఉన్నవారు ఏ సారమైనా వైద్యునికి చెప్పకుండా తీసుకోకూడదనడానికి అది చాలు. మొక్క నేరుగా హాని చేయకపోయినా, మానేసిన మాత్ర హాని చేస్తుంది. మా పెదనాన్నగారి అబ్బాయి రక్తదానానికి వెళ్లినప్పుడు హెపటైటిస్-బి ఉన్నట్టు తెలిసింది. కొన్నేళ్లు టెనోఫోవిర్ వేసుకున్నాడు. ‘ఇంగ్లీషు మందులతో కిడ్నీలు పోతాయి’ అని ఎవరో చెప్పగా, ఆదివారం పూట పసరు పోసే ఒక వైద్యుని దగ్గరికి వెళ్లి, మాత్రలు పూర్తిగా ఆపేశాడు. మూడు నెలలు బాగానే ఉన్నాడు. నాలుగో నెలలో వైరస్ ఒక్కసారిగా విజృంభించి కళ్లు పచ్చబడ్డాయి, కడుపులో నీరు చేరింది, మనిషి మాట తడబడింది. మాత్రలు హఠాత్తుగా ఆపితే ఇలా జరగవచ్చని ఏ కాలేయ వైద్యుడైనా చెబుతాడు. నెల రోజులకు దగ్గరగా ఆస్పత్రిలో ఉండి వాడు బతికి బయటపడ్డాడు. ఆ రాత్రుల్లో ఐసీయూ బయట బెంచీ మీద మా వదిన, “వార్తల్లో కూడా వచ్చింది కదా బాబూ, ఆకుతో తగ్గుతుందని” అన్న మాట నేను మరచిపోలేను.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. ఔషధ నియమావళిలోని షెడ్యూల్-జెలో ఉన్న జబ్బులను నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదు. ఆ జాబితాలో కామెర్లు, హెపటైటిస్, కాలేయ రుగ్మతలు ఉన్నాయి. అలాంటప్పుడు ప్రకటనకు కుదరని మాట వార్తగా మాత్రం ఎలా కుదురుతుంది?

మన దగ్గర పరీక్షకు నిలిచిన సాధనాలు లేకపోలేదు. వాటి గురించి ఎంత రాసినా తక్కువే. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వాక్-బి’ పేరుతో దేశంలో తొలి రీకాంబినెంట్ (జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో తయారైన) హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. విదేశీ టీకా ధర అందుకోలేని కుటుంబాలకు అది అందుబాటులోకి వచ్చింది. ఆ ఘనత తెలుగు నేలది. ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలో పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు తొలి మోతాదు ఉచితంగా వేస్తారు. తల్లి నుంచి బిడ్డకు సోకే ముప్పును బాగా తగ్గించేది ఈ మోతాదే. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, బి, సి రకాల మందులు ఉచితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్-బి ఉన్నవారు 2.98 కోట్ల మంది, సి ఉన్నవారు 55 లక్షల మంది. వారిలో చాలామందికి తమకు జబ్బు ఉన్న సంగతే తెలియదు. జిల్లా పేజీలో ఒక మూల, ఉచిత పరీక్ష ఏ ఆస్పత్రిలో ఏ గదిలో చేస్తారో వేస్తే, ఆ చిన్న పెట్టె వల్ల కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

ఇంత రాసినా మొక్కల పరిశోధన ఆపమని నేను అనడం లేదు. మద్రాసు బృందం చేసిన పని మీద నాకున్న గౌరవం తగ్గలేదు. వారు పల్లె వైద్యాన్ని ప్లాసిబో ముందు నిలబెట్టే ధైర్యం చేశారు. నాకు కావలసింది ఆ ధైర్యం మన రాష్ట్రాల్లోనూ కొనసాగడం. ఆయుర్వేద కళాశాలలూ, వైద్య కళాశాలల కాలేయ విభాగాలూ, వృక్షశాస్త్ర విభాగాలూ కలిసి ఒకే జాతి మొక్కను, ఒకే చోట పెంచి, రసాయన కొలతతో ప్రమాణీకరించి, పరీక్షను ముందుగానే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేసి చేయాలి. ఆ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, ఎవరైనా ఉచితంగా వెతికి చూడవచ్చు. రోగులు తమ టెనోఫోవిర్ మానకుండా, దానికి అదనంగా మొక్క మందును గాని ప్లాసిబోను గాని తీసుకునేలా పరీక్షను రూపొందించవచ్చు. అలా చేస్తే ఎవరికీ చికిత్స అందకుండా పోదు. ఫలితం ప్రతికూలమైనా ప్రచురించాలి. ఆ కళాశాల విద్యార్థులకు కూడా ఇదే నా కోరిక: మీ సారంతో పాటు టీ డికాషన్ ఒక గుంటలో వేసి చూడండి. మీ ఫలితం ఆ తరువాత కూడా నిలబడితే, మీ ఉపాధ్యాయులు అనుమతిస్తే, ఆ ప్లేటు ముందు నిలబడి చూడటానికి నేను బస్సెక్కి వస్తాను.

సంపాదకులకు నా విన్నపం మూడు విషయాల గురించి. ఆ వార్తకు కొనసాగింపుగా, పరీక్ష జరిగింది ఏ మొక్క మీద, ఏ పద్ధతిలో, కణాల మీదా లేక కేవలం సీరం మీదా అన్నది ఆ కళాశాలను అడిగి ప్రచురించండి. హెపటైటిస్-బి, సి మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా వాటిని మానరాదన్న వాక్యాన్ని దాని పక్కనే పెద్ద అక్షరాల్లో వేయండి. ఇకమీదట మూలికా పరిశోధన వార్త వచ్చినప్పుడు, అచ్చుకు పంపే ముందు ఒక కాలేయ వైద్యునికో, ఒక వైరాలజిస్టుకో ఫోను చేసి ఒక్క అభిప్రాయం తీసుకోండి. నన్ను అడిగిన ఆ ఇద్దరికీ మీ పత్రిక వస్తుంది. ఆ కొనసాగింపు వార్త కోసం వారు ఎదురు చూస్తున్నారు.

భవదీయుడు,
విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకుడు,
బాపట్ల.